అడవి మీద డాక్టరేటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాకాల చెరువు పక్షుల గురించి ఇక్కడ రాసినప్పటి నుంచి ఉత్తరాలు ఒకే దిక్కుగా వస్తున్నాయి. వన్యప్రాణులు, సహజ వనరుల నిర్వహణలో పీహెచ్‌డీ ఎలా చేయాలి, ఎక్కడ చేయాలి, చేస్తే బతుకుతెరువు ఉంటుందా అని అడుగుతున్నారు. జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కనుక సంపాదకులు ఆ కట్టను నాకు అప్పగించారు. ఒకే ప్రశ్నను పది మంది అడిగిన చోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. వన్యప్రాణులు, సహజ వనరుల నిర్వహణలో పీహెచ్‌డీ చేయాలని కోరిక. ఆ పేరుతో పట్టా ఇచ్చే విభాగం మన వైపు ఎక్కడా కనిపించలేదు. భారత వన్యప్రాణి సంస్థ ఉన్న డెహ్రాడూన్ వెళ్లక తప్పదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు పట్టా పేరును వెతుకుతున్నారు, అందుకే దొరకడం లేదు. మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీని విభాగం పేరుతో ఇస్తారు. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, పర్యావరణ శాస్త్రం, అటవీ శాస్త్రం, భూగోళశాస్త్రం, చివరికి సమాజశాస్త్రం, ఆర్థికశాస్త్రం కూడా ఈ చదువుకు గుమ్మాలే. మీరు అడవి మీద పని చేశారా, చేపల రక్తకణాల మీద పని చేశారా అన్నది సిద్ధాంత గ్రంథం శీర్షికే చెబుతుంది. రేపు మిమ్మల్ని ఉద్యోగానికి పిలిచేవారు చూసేదీ ఆ శీర్షికనే, మీరు అచ్చు వేసిన పత్రాలనే.

కాబట్టి ముందు ప్రశ్నను ఎంచుకోండి. ప్రశ్న తేలితే ఆ పని చేయించగల మార్గదర్శకుడు ఎవరో తెలుస్తుంది, ఆయన ఏ సంస్థలో ఉంటే అదే మీ సంస్థ అవుతుంది. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, ముందు సీటు, తరువాత గైడు, ఆఖరున ఆయన ఇచ్చిన అంశం అన్న పద్ధతిలో పోతారు. ఐదేళ్లు మోయవలసిన బరువును ఇంకొకరి అలమారలోంచి తీసుకోవడం నాకు ఎన్నడూ నచ్చలేదు.

ప్రశ్నల కోసం మీరు దూరం పోనక్కరలేదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వీచిన పెనుగాలికి 50 వేలకు పైగా చెట్లు కూలాయని అటవీ శాఖ అంచనా వేసింది. ఒక్క పూటలో అంత మేర నేల మీదికి ఎండ దిగినప్పుడు అక్కడ ముందుగా మొలిచేది టేకా, నల్లమద్దా, లేక బయటి నుంచి వచ్చి అడవిని కమ్మేసే లంటానా పొదలా? ఆ తెరిపి గడ్డికి దుప్పులు వస్తున్నాయా, లేక పశువుల మందలే వస్తున్నాయా? పడిన చెట్లను తీసిన చోటికీ వదిలేసిన చోటికీ తేడా ఏమిటి? ఇటువంటి అవకాశం ప్రయోగశాలలో ఎవరూ సృష్టించలేరు, పైగా ఏడాది గడిచేకొద్దీ తొలి ఆధారాలు చెరిగిపోతాయి. అలాగే రెండేళ్లకోసారి మేడారం జాతరకు లక్షలాది జనం ఏటూరునాగారం అభయారణ్యం ప్రాంతంలోకి వస్తారు. జాతరకు ముందు ఒకసారి, తరువాత రెండు మూడు సార్లు జంతువుల జాడలను ఒకే పద్ధతిలో నమోదు చేస్తే, అవి ఎంత దూరం జరుగుతున్నాయో, ఎన్నాళ్లకు తిరిగి వస్తున్నాయో తెలుస్తుంది. మంథని వైపు శివ్వారం అభయారణ్యంలో మొసళ్లు ఉన్నాయి. అవి వానాకాలానికి ముందు ఒడ్డున గుంటలు తీసి గుడ్లు పెడతాయి. గోదావరి మీద బ్యారేజీలు వచ్చాక నీటి మట్టం పాత తీరున పెరగడం, తగ్గడం లేదు కనుక ఆ ఒడ్లకు ఏమైందన్నది అడగదగిన ప్రశ్న. ఇక మీ ఊరి చుట్టూ కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువులు ఉండనే ఉన్నాయి. పూడిక తీసిన చెరువుకూ తీయని చెరువుకూ నీటి పక్షుల విషయంలో ఉన్న తేడాను రామప్ప, లక్నవరం, పాకాల పరిసరాల్లోనే చూడవచ్చు.

ఇక సంస్థల విషయం. మీరు చదివిన కాకతీయలోనే జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర విభాగాలు ఉన్నాయి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఏ విభాగంలో ఎన్ని ఖాళీలున్నాయో, అక్కడి మార్గదర్శకుల్లో క్షేత్ర పరిశోధన చేసేవారు ఎందరో చూడండి. అటవీ శాస్త్రానికి ములుగులోని అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ఉంది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఆ ములుగు సిద్దిపేట జిల్లాలోది, మన సమ్మక్క సారలమ్మల ములుగు కాదు. దరఖాస్తు పట్టుకుని మన ములుగు బస్టాండులో దిగి దారి అడిగిన విద్యార్థి ఒకరు నాకు స్వయంగా తెలుసు. అక్కడ అటవీ శాస్త్రంలో పై చదువులు ఉన్నా, జంతుశాస్త్రం పీజీని అర్హతగా తీసుకుంటారా లేదా అన్నది ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. హైదరాబాద్‌లో దూలపల్లి వద్ద అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. అది డెహ్రాడూన్‌లోని భారత అటవీ పరిశోధన, విద్యా మండలి కిందిది. అత్తాపూర్‌లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) వారి లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. అంతరించిపోతున్న జంతువుల జన్యువుల మీద, సంతానోత్పత్తి మీద పని చేయాలనుకునేవారికి దానికి మించిన చోటు దక్షిణాదిన అరుదు. పెంటికలోంచి డీఎన్‌ఏ తీసి ఏ జంతువు ఎటు తిరిగిందో చెప్పే పని మీకు ఇష్టమైతే అటు చూడండి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ 1982లో ఏర్పడింది. అక్కడ పరిశోధన చేసినవారికి పట్టా వేరొక అనుబంధ విశ్వవిద్యాలయం పేరుతో వస్తుంది. కానీ ఆ సంస్థలో చేరడానికి నేను సూచించే దారి వేరు. ముందు ఏదైనా ప్రాజెక్టులో సహాయకురాలిగా ఒక ఏడాది పని చేయండి. అడవి మీకు పడుతుందో లేదో తేలిపోతుంది, మార్గదర్శకులకు మీరేమిటో తెలుస్తుంది. అక్కడి పరిశోధకుల్లో అలా వచ్చినవారు తక్కువేమీ కాదు.

నియమాలు క్లుప్తంగా చెబుతాను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. కనీస కాలం 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు, మళ్లీ నమోదు చేసుకుంటే మరో 2 ఏళ్లు. కోర్సు వర్కు, అంటే తరగతుల్లో చదివే పాఠాలు, 12 క్రెడిట్లకు తగ్గకూడదు. సీఎస్‌ఐఆర్-యూజీసీ వారి జాతీయ అర్హత పరీక్ష (నెట్) జీవశాస్త్రాల్లో రాయండి. అందులో ఆవరణశాస్త్రం, పరిణామం, జంతు ప్రవర్తన భాగాలు మీకు సొంత పొలం వంటివి కావాలి. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే తొలి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, ఆ పైన రూ.42 వేలు, దానికి తోడు ఇంటి అద్దె భత్యం. జేఆర్‌ఎఫ్ రాకపోయినా, 2024 జూన్ నుంచి నెట్‌లో పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత ఇచ్చే వర్గం ఒకటి వచ్చింది. ఆ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ అర్హత ఒక్క ఏడాదికే చెల్లుతుంది, కనుక దాచిపెట్టుకుంటే పనికిరాదు.

మార్గదర్శకుడిని కలిసినప్పుడు మొహమాటపడకుండా రెండు సంగతులు అడగండి. ఇప్పుడు ఆయన కింద ఎందరు పరిశోధకులున్నారు, పదవీ విరమణకు ఎన్నేళ్లుంది? ప్రొఫెసరుకు 8 మంది, అసోసియేట్‌కు 6, అసిస్టెంటుకు 4 వరకే అనుమతి. విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. మూడో సంగతి ఆయనను కాక, ఆయన పాత విద్యార్థులను అడగాలి: మీరు అడవిలో ఉన్నప్పుడు ఆయన ఎన్నిసార్లు వచ్చారు?

ప్రశ్న: కవ్వాల్‌లో పులుల మీద పరిశోధన చేయాలని నిర్ణయించుకున్నాను. అనుమతి ఎవరిస్తారు? ఎన్ని ట్రాప్ కెమెరాలు కొనాలి? పర్యావరణ శాస్త్రంలో పీజీ చేశాను.
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: జంతువు ఎదుటికి రాగానే వాటంతట అవే ఫొటో తీసే ఆ కెమెరాలు కొనకండి, ముందు నిర్ణయాన్ని మరొకసారి చూడండి. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. లోపలి అడవి (కోర్), దాని చుట్టూ ఉన్న ప్రాంతం (బఫర్) కలిపితే రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కానీ అక్కడికి వచ్చే పులులు ఎక్కువగా మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ వైపు నుంచి ప్రాణహిత, పెన్‌గంగ దాటి వచ్చేవే. వచ్చినవి కాగజ్‌నగర్ అడవుల్లో తిరుగుతాయి, కొన్ని లోపలికి రాకుండానే వెనుదిరుగుతాయి. పులి చారలు మన వేలిముద్రల వంటివి కనుక ఫొటోలతో ఒక్కొక్కదాన్ని గుర్తించి లెక్కగట్టవచ్చు. అయితే ఆ గణితం నిలబడాలంటే తగినన్ని పులులు తగినన్నిసార్లు కెమెరాకు చిక్కాలి. నాలుగేళ్లు కష్టపడి మూడు పులుల ఫొటోలతో సిద్ధాంత గ్రంథం రాయవలసి వస్తే మీ బాధ నేను ఊహించగలను.

అడగవలసిన ప్రశ్న దాని పక్కనే ఉంది. వచ్చిన పులి ఎందుకు నిలవడం లేదు? దుప్పులు, కణుజులు, మనుబోతులు దానికి సరిపడా ఉన్నాయా, పశువులు ఎంత గడ్డిని పంచుకుంటున్నాయి, వేసవిలో నీరు ఎక్కడ మిగులుతోంది, అడవిపందుల కోసం పెట్టిన ఉచ్చులు, కరెంటు తీగలు ఏ దారుల్లో ఎక్కువ? వీటికి జవాబు చెబితే పులి గురించి చెప్పినట్లే.

దుప్పులను లెక్కించడానికి వాడే పద్ధతి రేఖా మార్గాల మీద నడవడం. తిన్నని గీతల వెంట తెల్లవారుజామున నడుస్తూ, కనిపించిన ప్రతి మంద ఎంత దూరంలో, ఏ కోణంలో ఉందో రాసుకుంటారు. దూరం పెరిగేకొద్దీ మన కంటికి తప్పిపోయేవి ఎన్నో ఆ లెక్కల నుంచే అంచనా వేస్తారు. ఆ అంచనా నమ్మదగినదిగా ఉండాలంటే ఒక్కో జాతికి కనీసం 60 నుంచి 80 సార్లు కనబడాలి. మన ఉత్తర తెలంగాణ అడవుల్లో చాలా చోట్ల అడవిదున్న ఏడాదికి అన్నిసార్లు కనిపించదు. కనిపించని చోట జాడల మీద ఆధారపడాలి. అడవిని గళ్లుగా విభజించి, ప్రతి గడిలో పాదముద్రలు, పెంటికలు ఉన్నాయా లేవా అని పలుమార్లు వెతికి, అక్కడ ఉండి కూడా మనకు దొరకని సందర్భాలను లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంది. దీనికి కావలసినవి జీపీఎస్, ఓపిక, జాడ గుర్తుపట్టే ఒక ట్రాకర్. లెక్కలకు ఆర్, పటాలకు క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని అడవికి పోకముందే నేర్చుకోండి. వివరాలు పోగైన తరువాత గణాంకశాస్త్రం వైపు చూసేవారు, పెళ్లయ్యాక జాతకం చూసేవారు ఒకటే.

ఒక తప్పు ఒప్పుకుంటాను. నా పరిశోధన తొలి వేసవిలో నా గీతలన్నీ బండ్ల బాటల మీదే పడ్డాయి. నడవడానికి హాయిగా ఉంటుందని నేనే అలా గీసుకున్నాను. బాట పక్కన వెలుతురుకు గడ్డి పెరుగుతుంది, కొన్ని జంతువులు దాని కోసం బాటకు వస్తాయి, కొన్ని మనిషి వాసనకు బాటను విడిచిపోతాయి. నేను లెక్కించింది బాటను, అడవిని కాదు. ఆ నాలుగు నెలల వివరాలు ఒక్క పేజీ కూడా పనికిరాలేదు. ఇప్పటి పరిశోధకులకు కంప్యూటరే గీతలను యాదృచ్ఛికంగా గీసి ఇస్తుంది, అవి ముళ్లపొదల్లోంచి పోయినా అలాగే నడవాలి.

అనుమతి సంగతి: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అభయారణ్యంలో అధ్యయనానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇస్తారు. దరఖాస్తు హైదరాబాద్ అరణ్య భవన్‌కు పోతుంది. పరిశోధన పథకం, గైడు లేఖ, వెంట వచ్చేవారి వివరాలు, ఏ రేంజిలో ఏ నెలల్లో ఉంటారో, రాత్రి పూట పని ఉందో లేదో స్పష్టంగా రాయండి. జంతువును పట్టడం, మెడకు రేడియో కాలర్ తొడగడం వంటివి ఉంటే 12వ సెక్షన్ వర్తిస్తుంది. చట్టం మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జంతువైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి కూడా ముందే కావాలి. రాలిన పెంటిక ఏరుకోవడానికి కూడా మాట వరసకు అడిగి ఊరుకోకండి, దరఖాస్తులోనే రాయండి. ఇవన్నీ నెలల పని. వేసవి క్షేత్ర పరిశీలన కావాలనుకునేవారు వానలు పడుతుండగానే కాగితాలు కదపాలి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. తాడ్వాయి ప్రాంతంలో బీటు అధికారిగా ఎనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. వృక్షశాస్త్రంలో దూరవిద్య ద్వారా పీజీ చేశాను. ఉద్యోగం వదలకుండా పీహెచ్‌డీ చేయవచ్చా? నా వయసు 34.
– ఒక పాఠకుడు, ములుగు జిల్లా

జవాబు: చేయవచ్చు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి యూజీసీ నిబంధనలు అనుమతిస్తాయి, దూరవిద్యలో పీహెచ్‌డీకి మాత్రం అనుమతించవు. ఈ రెంటినీ ఒకటిగా చూపి డబ్బు అడిగేవారు తారసపడతారు, జాగ్రత్త. మీ శాఖ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అందులో పరిశోధనకు సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సు వర్కు పూర్తి చేయడానికి విధుల నుంచి విడుదల చేస్తామని ఉండాలి. ఈ రెండో మాట లేని పత్రం తీసుకుని వస్తే కోర్సు వర్కు దగ్గరే బండి ఆగిపోతుంది. ముందు మీ రేంజి అధికారితో, తరువాత జిల్లా అటవీ అధికారి (డీఎఫ్‌ఓ)తో మాట్లాడి, అంశం శాఖకు పనికివచ్చేదని వారికి తోచేలా రాసుకోండి.

మీ దగ్గర ఉన్నది ఏ ఎమ్మెస్సీ విద్యార్థి దగ్గరా లేదు. ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో, నిప్పు ఏ గుట్ట నుంచి దిగుతుందో, తునికాకు కల్లాలకు పోయే దారులేవో మీకు ఎనిమిదేళ్లుగా తెలుసు. తునికాకు చిగురు బాగా రావాలని వేసవికి ముందు నేల తగలబెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ నిప్పుకు కాలిన జాగలో టేకు, మద్ది మొలకలు ఏమవుతాయి, కాలని జాగలో ఏమవుతాయి అన్నది వృక్షశాస్త్రం చదివిన బీటు అధికారికి చేతికందే అంశం. కూలిన అడవి సంగతి పైన హనుమకొండ పాఠకురాలికి రాశాను. ఆ ప్రాంతం మీ పక్కనే ఉంది కనుక దాన్ని కూడా ఆలోచించండి. రోజూ గస్తీకి పోయే దారిలో నలభై యాభై చిన్న చదరాలు గుర్తుపెట్టి, ఏడాదికి రెండుసార్లు ప్రతి మొలకనూ లెక్కించడానికి సెలవు పెట్టనవసరం లేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. పోడు, కలప, వేట వంటి విషయాల్లో మీరు కేసు రాసే అధికారి. అదే మనిషి సాయంత్రం నోట్‌బుక్కు పట్టుకుని గూడేనికి పోయి ఈ ఏడు ఎంత అడవి కొట్టారని అడిగితే, నిజం చెప్పేవారు ఉండరు, ఉండకూడదు కూడా. మనుషులను అడిగి రాసే అంశాన్ని మీరు ఎంచుకోకండి, మొక్కలు, నేల, నీరు వంటి వాటితోనే ఉండండి. అలాగే శాఖకు నచ్చని ఫలితం వస్తే ఏం చేస్తారో ఇప్పుడే తేల్చుకోవాలి. అనుమతి పత్రంలో ప్రచురణ గురించి ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టవద్దు.

వయసు అడ్డం కాదు. పార్ట్‌టైమ్‌లో మూడేళ్లకు పూర్తవుతుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి, ఆరేళ్లకు సిద్ధపడండి.

ప్రశ్న: నేను గోండు యువకుణ్ణి. సోషల్ వర్క్‌లో పీజీ చేశాను. మా వైపు పులి భయం ఒకటి, అడవి ఖాళీ చేయమంటారేమోనన్న భయం ఒకటి. దీని మీద పరిశోధన చేయాలని ఉంది. జీవశాస్త్రం చదవనివారికి ఈ రంగంలో చోటుంటుందా?
– ఒక పాఠకుడు, ఉట్నూరు

జవాబు: ఈ కట్టలో నాకు ఎక్కువ సంతోషం కలిగించిన ఉత్తరం మీది. సహజ వనరుల నిర్వహణ అన్న మాటలో నిర్వహించేది మనుషులను, వారి మధ్య ఉన్న హక్కులను, ఒప్పందాలను. దుప్పులు తమంతట తామే బతుకుతాయి. కనుక సోషల్ వర్క్, సమాజశాస్త్రం, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం చదివినవారికి ఇందులో చోటు ఉండటం కాదు, కొరత ఉంది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించిన తరువాత, గోండుల కష్టాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి మీవారి గురించి రాసిన పుస్తకాలను నేటికీ ప్రపంచం చదువుతుంది. ఎనభై ఏళ్లు గడిచినా మీ అడవి గురించి బయటివారు రాసిందే ఎక్కువ. గోండీలో అడిగి, గోండీలో విని రాసే పరిశోధకుడికి దొరికే జవాబులు దుబాసీతో పోయేవారికి దొరకవు.

అంశాన్ని ఇరుకుగా పట్టుకోండి. 2020 నవంబరులో మీ పక్కనున్న ఆసిఫాబాద్ జిల్లాలోనే పులి దాడుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ తరువాత పత్తి ఏరే వేళలు, పశువులు మేపే దారులు, అడవికి ఒంటరిగా పోయే అలవాటు ఎలా మారాయన్నది ఒక ప్రశ్న. పులి చంపిన పశువుకు నష్టపరిహారం ఎన్నాళ్లకు, ఎంత ఖర్చు పెట్టుకుంటే చేతికి వస్తోందన్నది మరొకటి. కవ్వాల్ కోర్‌లోని మైసంపేట, రాంపూర్ గ్రామాలను 2024లో బయటికి తరలించారు. అడవిలో డబ్బు పెట్టి కొనని ఇప్పపువ్వు, కట్టె, కూరాకు, తేనె కొత్త చోట ఏమయ్యాయో ఇల్లిల్లూ లెక్కగడితే, పునరావాసం గురించి అటూ ఇటూ వాదించేవారిద్దరికీ ఆధారం దొరుకుతుంది. 2006 అటవీ హక్కుల చట్టంలో వ్యక్తిగత పట్టాల గురించే అందరూ మాట్లాడతారు. గ్రామం మొత్తానికి ఇచ్చే సామూహిక అటవీ వనరుల హక్కును అడిగిన ఊళ్లు ఎన్ని, అడగనివి ఎందుకు అడగలేదు అన్నది నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద అంశం.

ఒక్క హెచ్చరిక చేయాలి. మీవారి పక్షాన ఉండటం తప్పు కాదు, కానీ వారి మాటకు ఎదురుగా వచ్చిన సాక్ష్యాన్ని దాచడం తప్పు. ఊరిలో ఉచ్చులు పెట్టేవారి గురించి మీకు తెలిసినప్పుడు పేర్లు రాయకుండా విషయాన్ని రాసే పద్ధతి ఉంది. సమ్మతి ఎలా తీసుకోవాలి, పేర్లు ఎలా దాచాలి అన్నది కోర్సు వర్కులో పరిశోధన నైతికత పాఠంగా వస్తుంది, దాన్ని మార్కుల కోసం మాత్రమే చదవకండి.

డబ్బు విషయం: కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఎస్టీ విద్యార్థులకు ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది, ఎంపికకు పీజీ మార్కులే ఆధారం. విదేశాల్లో చేయాలనుకుంటే అదే శాఖది ఏటా 20 మందికి జాతీయ విదేశీ ఉపకార వేతనం ఉంది. పీహెచ్‌డీ నమోదు పత్రం చేతికి వచ్చిన రోజే ఫెలోషిప్ దరఖాస్తు పని మొదలుపెట్టండి. జీవావరణం బొత్తిగా తెలియకుండా రాయడం కుదరదు కాబట్టి జంతుశాస్త్రం వారిని ఒకరిని సహ మార్గదర్శకుడిగా అడగండి. ఒక వేసవి అటవీ శాఖ వారి జంతువుల లెక్కింపులో స్వచ్ఛందంగా పాల్గొంటే మీకు చాలా సంగతులు తెలుస్తాయి.

ప్రశ్న: అమెరికాలో ఈ సబ్జెక్టు పేరుతోనే పీహెచ్‌డీలు ఉన్నాయట. జీఆర్‌ఈ రాసి దరఖాస్తు చేస్తే చాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చాలదు. అక్కడ వన్యప్రాణుల విభాగాల్లో పీహెచ్‌డీ విద్యార్థిని తీసుకునేది చాలావరకు ప్రొఫెసరు ప్రాజెక్టు నిధి. ఆయన దగ్గర జీతం ఇచ్చే స్థానం ఉంటేనే ప్రవేశం, లేకపోతే ఎంత మంచి స్కోరైనా సొంత ఖర్చే. అందుచేత ముందు ఆయన పత్రాలు నాలుగు చదివి, మీ ప్రశ్నను ఒక పేజీలో రాసి, దరఖాస్తు గడువుకు ఆరు నెలల ముందే ఉత్తరం పంపండి. వంద మందికి ఒకే ఉత్తరం పంపితే ఒక్కరూ బదులివ్వరు. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ విదేశీ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున ఉన్న పథకం ద్వారా రూ.20 లక్షల వరకు సాయం ఉంది, కుటుంబ ఆదాయ పరిమితి చూసుకోండి. విదేశీ పట్టాకు క్షేత్రం మన అడవే కావచ్చునన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి ఎమ్మెస్సీ చదువుతోంది. అడవి మీద పీహెచ్‌డీ చేస్తానంటుంది. ఆడపిల్ల అడవిలో ఒంటరిగా ఎట్లా ఉంటుంది? ఎన్నేళ్లు పడుతుంది? అయ్యాక ఉద్యోగం వస్తుందా? వాళ్ల నాన్న బీఈడీ చేయమంటున్నారు.
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: చెల్లీ, మీరు అడిగినవన్నీ సరైన ప్రశ్నలే, మా అమ్మ కూడా ఇవే అడిగింది.

ఒంటరిగా ఉండదు. స్థానికుడైన ట్రాకర్ లేకుండా ఏ పరిశోధకుడూ, మగవాడైనా సరే, అడవిలోకి పోకూడదు. బస సాధారణంగా ఊళ్లోనో, అటవీ శాఖ బేస్ క్యాంపు దగ్గరో ఉంటుంది. నిజానికి నాకు పులి వల్ల ఎన్నడూ ఇబ్బంది కలగలేదు. ఎలుగుబంటి ఎదురుపడితే భయపడ్డాను, ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున చెట్ల కింద అది ఉంటుందని తెలిశాక ఆ వేళకు అటు పోవడం మానేశాను. పాముకాటుకు మోకాలి దాకా బూట్లు, మలేరియాకు దోమతెర, దగ్గర్లో ఏ ఆసుపత్రిలో పాము విషానికి మందు ఉంటుందో ముందే తెలుసుకుని గోడ మీద రాసిపెట్టుకోవడం, ఇవి నా రోజుల్లోనూ పనికివచ్చాయి, ఇప్పుడూ వస్తాయి. ఫోన్ సిగ్నల్ లేని చోటికి పోయే ముందు సాయంత్రం ఎన్నింటికి తిరిగి వస్తుందో ఒకరికి చెప్పి పోవాలి, ఆ వేళ దాటితే వెతకడానికి ఎవరు బయలుదేరాలో ముందే అనుకుని ఉండాలి. మనుషుల వల్ల ఇబ్బంది వస్తే, అది అడవిలోనైనా విభాగంలోనైనా, విశ్వవిద్యాలయంలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాయవచ్చునని అమ్మాయికి ఈరోజే చెప్పండి.

కాలం నాలుగైదేళ్లు అనుకోండి. కనీసం రెండు వేసవులు, రెండు వానాకాలాలు చూడకుండా అడవి గురించి ఏ మాటా చెప్పలేము. జూలై నుంచి సెప్టెంబరు దాకా వాగులు పొంగితే దారులు మూసుకుపోతాయి, ఆ నెలలు ఇంట్లో కూర్చుని రాసుకునేవి. నిబంధనల ప్రకారం మహిళలకు గరిష్ఠ కాలంపై మరో 2 ఏళ్ల సడలింపు, ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు ఉన్నాయి. నడుమ పెళ్లి మాట వస్తే ఈ రెండు అంకెలను వియ్యాలవారి ముందు పెట్టండి.

ఉద్యోగం గురించి అబద్ధం చెప్పను. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరు. వన్యప్రాణి సంస్థలో, అటవీ పరిశోధన సంస్థల్లో శాస్త్రవేత్త పోస్టులు కొద్ది. స్వచ్ఛంద సంస్థల్లో, గనులు, రహదారుల పర్యావరణ ప్రభావ అంచనాల పనిలో అవకాశాలున్నా అవి ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నంతకాలమే. పటాలు, గణాంకాలు బాగా వచ్చినవారు ఖాళీగా ఉండటం మాత్రం నేను చూడలేదు. ఎమ్మెస్సీతోనే యూపీఎస్సీ వారి అటవీ సేవల పరీక్ష, మన సర్వీస్ కమిషన్ వారి అటవీ రేంజి అధికారి పరీక్ష రాసుకోవచ్చు. జంతుశాస్త్రం వాటికి తగిన సబ్జెక్టే.

వాళ్ల నాన్నగారి మాటను కొట్టిపారేయవద్దు, కాకపోతే ఇప్పుడే తేల్చవద్దు. వచ్చే ఫిబ్రవరి నుంచి మే వరకు అమ్మాయిని ఏదైనా క్షేత్ర ప్రాజెక్టులో సహాయకురాలిగా పంపండి. పాకాల మీకు దగ్గరే, అక్కడ పని దొరికితే వారానికొకసారి మీరే పోయి చూసి రావచ్చు. పోయేటప్పుడు ఆయనను కూడా వెంట తీసుకుపోండి, తెల్లవారకముందే బయలుదేరి ట్రాకర్ వెనుక ఐదు కిలోమీటర్లు నడవమనండి. జూన్‌లో ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని నాకు మళ్లీ రాయండి.